తొమ్మిది నిమిషాల జనరేటర్

నీలమ్మ వచ్చి చెప్పేదాకా కింది అంతస్తులో ఏం జరుగుతోందో నాకు తెలియలేదు.

"సార్, అమ్మగారి చిన్న జనరేటర్ ఉండె గద. ఉన్నదా, అమ్మేసిండ్రా?" గుమ్మంలో నిలబడే అడిగింది. ఆమె మా వాచ్‌మన్ పెద్దన్న భార్య. మా అపార్ట్‌మెంట్‌లో అయిదారు ఇళ్లలో పని చేస్తుంది.

"ఉంది. ఎవరికి?"

"ఫస్టు ఫ్లోర్ నవ్యమ్మకు. ఫ్రిజ్జుల పాలు కరుగుతున్నయంట. ఆమె, ఆమె తల్లి ఇద్దరు ఒకటే ఏడుపు."

పాలు కరగడమేమిటో, దానికి ఏడవడమేమిటో నాకు అర్థం కాలేదు. చందానగర్‌లో పాల ప్యాకెట్లకు కరువా అనుకుంటూనే చెప్పులు వేసుకున్నాను. మెట్లు దిగుతుండగా నీలమ్మ చెప్పింది. అవి ప్యాకెట్ పాలు కావు.

నవ్యకు ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. ముప్పై నాలుగు రోజులుగా ఆ పిల్ల గచ్చిబౌలి దగ్గర ఆసుపత్రిలో గాజు పెట్టెలో ఉంది. నవ్య పాలు పిండి, చిన్న చిన్న సీసాల్లో పోసి, ఫ్రిజ్‌లో పై అరలో గడ్డ కట్టించి పెడుతోంది. భర్త శివశంకర్ రోజూ పొద్దున ఐసు పెట్టెలో ఆ రోజుకు సరిపడా తీసుకుపోతాడు. ఇదంతా నాకు లీలగా తెలుసు. తెలియనిదేమిటంటే, రెండు వారాల కిందట నవ్యకు గట్టి జ్వరం వచ్చి తగ్గాక పాలు సగానికి సగం పడిపోయాయట. ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న నూట పన్నెండు సీసాలే పిల్లకు ఆధారం.

ముందు రోజు సాయంత్రం ఏడింటికి కరెంటు పోయింది. సందు చివర రోడ్డు తవ్వుతూ ఎవరో భూమి లోపలి కేబుల్‌ను తెంపారు. గంటలో వస్తుందన్నారు, రాత్రికన్నారు, తెల్లారికన్నారు. మే నెల. మాది పాత కట్టడం, అందరికీ కలిపి పెద్ద జనరేటర్ లేదు.

తలుపు నవ్య తల్లి వెంకటలక్ష్మి తీసింది. ప్రొద్దుటూరు మనిషి, కూతురి కాన్పు కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

"సార్, నేనే పాపిష్టిదాన్ని. సల్లగా ఉండాదా లేదా అని రాత్రి నాలుగుసార్లు తలుపు తీసి చూస్తి. తీస్తే సల్లదనం పోతాదని నాకేం తెలుసు సార్?"

"అమ్మా, ఊరుకో. ఎన్నిసార్లు చెప్తావ్" అంది లోపలి నుంచి నవ్య. ఫ్రిజ్‌కు ఆనుకొని కింద కూర్చుని ఉంది. ఫ్రిజ్‌కు పల్చటి పరుపు, రెండు దుప్పట్లు, ఒక శాలువా చుట్టి ఉన్నాయి. పసిపిల్లకు చుట్టినట్టే చుట్టారు. "అంకుల్, సీసా లోపల మంచు పలుకు మిగిలి ఉన్నంతవరకు మళ్లీ గడ్డ కట్టించొచ్చని నర్సు చెప్పింది. పూర్తిగా నీళ్లయితే మాత్రం ఒక్కరోజే పనికొస్తాయి. తర్వాత పారబోయాల్సిందే. ఆరింటికి ఒక్క సీసా చూశాను. నడుమ చింతగింజంత పలుకుంది."

"ఎవరింటికైనా పంపకూడదా?"

"నానక్‌రామ్‌గూడలో ఆయన ఫ్రెండ్ ఉన్నాడు. ఫ్రీజర్ ఖాళీ చేసి పెట్టాడు. కానీ పెద్ద ఐసు పెట్టె ఆయన దగ్గరే ఉంది. డాక్టర్ పాపకు తల స్కానింగ్ చేస్తానన్నాడట, సంతకం కోసం అక్కడే ఉండాలట. రెండింటి లోపు రాలేడు."

గడియారం చూశాను. ఎనిమిది కావస్తోంది.

ఆ జనరేటర్ నా భార్య పుణ్యవతిది. గుడ్డ సంచుల మీద, తువ్వాళ్ల మీద పేర్లు కుట్టే మిషన్ ఒకటి కొనుక్కుంది ఆవిడ. ఆదివారాల్లో గేటెడ్ కమ్యూనిటీల్లో సంతలు పెడతారు కదా, అక్కడ బల్ల వేసుకుని, పిల్లల పేర్లు అప్పటికప్పుడు కుట్టి ఇచ్చేది. బల్లకు చోటిస్తారు గాని ప్లగ్గు ఇవ్వరు. అందుకని సూట్‌కేసంత పెట్రోల్ జనరేటర్ కొంది. ఇన్వర్టర్ జనరేటర్ అంటారని, ఫంక్షన్ హాళ్ల బయట ఉండే వాటిలా గొంతు చించుకోదని, సున్నితమైన మిషన్లకు కూడా నిలకడైన కరెంటు ఇస్తుందని నాకు చెప్పింది. మోయడం నా పని, నడపడం ఆవిడ పని. కాలేజీలో ముప్పై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పినవాణ్ని, తాడు లాగి ఇంజిన్ తిప్పడం నాకెప్పుడూ పట్టుబడలేదు. ఆవిడ పోయి రెండున్నరేళ్లయింది. అప్పటి నుంచి అది బాల్కనీలో గోనెపట్టా కింద ఉంది.

పెద్దన్న ఒక చెయ్యి వేశాడు, ఇద్దరం కిందికి దించాం. గూట్లో వెతికితే దాని పుస్తకం కూడా దొరికింది. అది దొరకడమే ఆ రోజుకు మొదటి అదృష్టం.

"వంటింటి బాల్కనీలో పెట్టండి సార్, వైరు తక్కువ పడతాది" అంది వెంకటలక్ష్మి.

"వద్దమ్మా. దీని పొగకు వాసనుండదు, రంగుండదు. ఇంట్లోకి పోతే మనుషులకు నిద్ర పట్టినట్టే ఉంటుంది, మళ్లీ లేవరు. ఆరుబయట, గోడకు దూరంగా పెట్టాలి." పుస్తకం మొదటి పేజీలోనే ఎర్రక్షరాల్లో రాసి ఉంది.

పార్కింగ్ దాటాక గేటు పక్కన ఖాళీ స్థలంలో పెట్టాం. పుణ్యవతి సంతలకు వాడిన పొడుగు వైరు అక్కడి నుంచి నవ్య వాళ్ల కిటికీ దాకా వెళ్లి, ఫ్రిజ్ దగ్గర జానెడు మిగిలింది. పెద్దన్న నా స్కూటర్ నుంచి పైపుతో రెండు లీటర్ల పెట్రోల్ తీశాడు. అందులో ఒక లీటరు పోస్తే ట్యాంకు సగం నిండింది. ఆయిల్ పుల్ల తీసి చూస్తే మట్టం సరిగ్గానే ఉంది.

పుస్తకం చెప్పినట్టు మూత మీద ఉన్న గాలి మరను 'ఆన్' వైపు తిప్పాను. చోక్ లాగాను. తాడు పెద్దన్న అందుకున్నాడు. ఆరోసారికి అది చిన్నగా దగ్గి అందుకుంది. వాడాక దాచిపెట్టే ముందు ప్రతిసారీ లోపలి పెట్రోల్ ఒక్క చుక్క మిగలకుండా ఖాళీ చేసేది పుణ్యవతి. ఆ అలవాటు లేకపోతే రెండున్నరేళ్లకు లోపలంతా జిగురు పట్టి ఉండేది.

ఆకుపచ్చ దీపం వెలిగింది. పై నుంచి నవ్య ఫ్రిజ్ ప్లగ్గు పెట్టింది. ఆకుపచ్చ పోయి ఎర్రది వెలిగింది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది, కరెంటు మాత్రం పోవడం లేదు.

"ఎర్రలైటేంది సార్?" పెద్దన్న అడిగాడు.

పుస్తకం తిరగేశాను. భారం ఎక్కువైందట. అంత చిన్న ఫ్రిజ్‌కు భారం ఎక్కువ కావడమేమిటి? ఇంకో పేజీలో జవాబుంది. ఫ్రిజ్ నడవడానికి తక్కువే లాగుతుంది, మొదలయ్యే క్షణంలో మాత్రం నాలుగైదింతలు లాగుతుంది. పొదుపు మీట వేసి ఉంటే ఇంజిన్ మెల్లగా తిరుగుతూ ఆ దెబ్బకు తట్టుకోలేదు. మీట ఆపాను. ఇంజిన్ గొంతు పెరిగింది. ఆపి మళ్లీ మొదలుపెట్టి ప్లగ్గు పెట్టమన్నాను. ఈసారి ఆకుపచ్చ నిలిచింది.

కిటికీలోంచి నవ్య బొటనవేలు ఎత్తి చూపించింది. వెంకటలక్ష్మి రెండు చేతులూ ఎత్తి ఎవరికో దండం పెట్టింది. నాకు కాదని అనుకుంటాను.

తొమ్మిది నిమిషాలు నడిచింది. తర్వాత ఒకసారి మూలిగి, రెండుసార్లు తడబడి, ఆగిపోయింది.

ఏ దీపమూ వెలగలేదు. అదే నాకు అంతుపట్టలేదు. భారం ఎక్కువైతే ఎర్ర దీపం, ఆయిల్ తక్కువైతే పసుపు దీపం అని పుస్తకంలో బొమ్మలు వేసి మరీ ఉన్నాయి. ఏ దీపమూ వెలగకుండా ఆగితే ఏం చెయ్యాలో రాసిన పేజీ ఉందేమోనని వెనక నుంచి కూడా తిప్పాను.

"పెట్రోల్ అయిపోయిందేమో" అని పెద్దన్న మూత తీసి తొంగి చూసి, మళ్లీ బిగించాడు. "ఉన్నది సార్. గింతే తగ్గింది."

ఈలోగా వెంకటలక్ష్మి దిగి వచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో నిమ్మకాయ, వెలుగుతున్న కర్పూరం.

"అమ్మా! అక్కడే ఆగండి!" ఆ గొంతు నాదేనా అని నాకే అనిపించింది. "పెట్రోల్ ఉంది ఇక్కడ!"

"దిష్టి తగిలిండాది సార్. ఆ మూడో ఫ్లోర్ వాళ్లు బాల్కనీలో నిలబడి ఒకటే చూస్తాండిరి."

"దిష్టి తియ్యండి, కర్పూరం లేకుండా తియ్యండి."

ఆమె కర్పూరాన్ని గేటు బయట పడేసి వచ్చి, నిమ్మకాయను జనరేటర్ చుట్టూ మూడుసార్లు తిప్పి దాని కిందికి తోసింది. పెద్దన్న తాడు లాగాడు. ఒక్క లాగుకే అందుకుంది.

"చూసినారా?" అంది వెంకటలక్ష్మి.

చూశాను.

మళ్లీ తొమ్మిది నిమిషాలకే ఆగింది.

ఈసారి పెద్దన్న వంతు. "సార్, నేల సూడుండ్రి, గేటు దిక్కు వాలున్నది. వాలుంటే ఆయిల్ ఒక పక్కకు పోతదని మీ బుక్కులనే ఉన్నదంటిరి. జర సమానంగ పెడ్దం. పనిల పని పెట్రోల్ గూడ నింపుదం." మూత తీసి మిగిలిన లీటరు పోశాడు. ఆరుబయటే ఆపిన కార్ల మధ్యలో చదునుగా ఉన్న బండల మీదికి జరిపాం. ఆ బండలకు అడ్డంగా ఉన్న కారును, అడగకుండానే, రెండో అంతస్తు శ్యామ్ గారు వచ్చి తీశారు. తాడు లాగితే వెంటనే అందుకుంది.

పెద్దన్న మీసం మీద చెయ్యి వేశాడు. "నిమ్మకాయ గాదమ్మా, నేల!"

ఆరు నిమిషాలకు ఆగింది.

మీసం మీది చెయ్యి దిగింది. "గిదేంది సార్? పెట్రోల్ నిండ పోస్తే ఇంక జల్ది ఆగింది?"

అదే నాకూ అర్థం కాలేదు. కడుపు నిండా తిన్నవాడు తొందరగా సొమ్మసిల్లడం ఏ శాస్త్రంలో ఉంది? పుస్తకం మూసేశాను. తొమ్మిదిన్నర దాటింది. పార్కింగ్‌లో కూడా వేడి మొదలైంది. వెంకటలక్ష్మి నిమ్మకాయను తీసి చూసి, అది సరైన నిమ్మకాయ కాదని, కాస్త వాడిందని నిర్ణయించుకుని ఇంకోటి తేవడానికి పైకి పోయింది.

నవ్య కిందికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. చేతిలో ఫోను. కళ్లు ఉబ్బి ఉన్నాయి గాని ఏడవడం ఆపేసింది. ఆ అమ్మాయి ఏదో కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. ఎవరో రాసిన ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోతుందో కనిపెట్టడమే ఉద్యోగమట.

"అంకుల్, ప్రతిసారీ మీరు రెండు మూడు పనులు కలిపి చేస్తున్నారు. ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? ఒకసారికి ఒక్కటే మార్చండి. ఇంతవరకు చేసినవన్నీ కిటికీలోంచి చూసి ఫోన్‌లో రాసుకున్నాను, ఇక టైం కూడా రాస్తాను."

"మంచిదమ్మా."

"పలుకు ఇప్పుడు ఆవగింజంత ఉంది" అంది నెమ్మదిగా. "అదే సీసా చూశాను. ముందు వరసలో ఉన్నవి ఎలా ఉన్నాయో చూడలేదు. భయమేసింది."

నాకూ భయం వేసింది. కాని నలుగురిలో పెద్దవాణ్ని నేనే. "స్పార్క్ ప్లగ్ శుభ్రం చేద్దాం" అన్నాను. ఈ మాట ఇంజిన్ల గురించి తెలిసిన వాళ్లంతా అనేదే. పుస్తకం వెనక సంచిలో దాని పానా కూడా ఉంది. వేడి చల్లారేదాకా ఆగి, ప్లగ్గు విప్పి, నల్లటి మసిని గుడ్డతో తుడిచి బిగించాను. ఇంకేమీ చేయలేదు. ఒకసారికి ఒక్కటే.

పెద్దన్న తాడు లాగాడు. అందుకుని, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. మళ్లీ లాగాడు. పది లాగుళ్లు, పదిహేను లాగుళ్లు. చొక్కా తడిసిపోయింది. అంతవరకు కనీసం ఆరు నిమిషాలైనా నడిచింది, నేను చెయ్యి పెట్టాక అది కూడా లేదు.

కొత్త నిమ్మకాయతో దిగి వచ్చిన వెంకటలక్ష్మి కూతురి పక్కన కూలబడి, "పసిబిడ్డ నోటికాడిది" అని అంతటితో ఆపేసింది. నేను పానా పట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ వస్తువు, ఆవిడ ఉంటే ఈపాటికి నడుస్తూ ఉండేది. పాడు చేసింది నేనేనా, మొదటి నుంచీ పాడై ఉందా, ఏదీ తేల్చుకోలేకపోతున్నాను.

నవ్య ఫోను చూస్తూనే ఉంది. "అంకుల్, కంగారు పడకండి. ఇది మంచి విషయమే."

"ఏది మంచి విషయమమ్మా?"

"ఇంతవరకు మనం ఏం చేసినా నడిచింది. నిమ్మకాయ పెడితే నడిచింది, జరిపితే నడిచింది. ఇప్పుడు మొదటిసారి నడవలేదు. అంటే నడిచినప్పుడల్లా చేసిన పని ఏదో ఈసారి చెయ్యలేదు." వేలితో పైకి జరుపుతూ చదివింది. "నిమ్మకాయ అప్పుడు... దానికి ముందు పెద్దన్న మూత తీసి చూశాడు. జరిపినప్పుడు... మూత తీసి పెట్రోల్ పోశాడు. ఇప్పుడు..."

"మూత తియ్యలేదు" అన్నాను.

"తీసి చూడండి. ఇంకేం చెయ్యకండి."

పెద్దన్న మూత తిప్పాడు. ఇంజిన్ చప్పుడు లేదు కనుక ఈసారి అందరికీ వినబడింది. 'స్స్స్' అని లోపలికి గాలి పీల్చుకుంది. సోడా సీసా మూత తీసినట్టు కాదు, దానికి తలకిందులుగా.

బిగించి లాగాడు. ఒక్క లాగు. అందుకుంది.

ఇప్పుడు మా నలుగురికీ తెలిసింది మూత తీస్తే నడుస్తుందని. ఎందుకు నడుస్తుందో మాత్రం తెలియదు. మూత తెరిచే నడుపుదామంది వెంకటలక్ష్మి. వేడి ఇంజిన్ పక్కన తెరిచిన పెట్రోల్ ట్యాంకు పెట్టడం కర్పూరం వెలిగించిన దానితో సమానమని చెప్పాను. ప్రతి ఆరు నిమిషాలకూ ఆపి, తీసి, మూసి, లాగుదామన్నాడు పెద్దన్న. అలా రెండింటి దాకా అతని భుజం నిలుస్తుందా? ప్రతిసారీ ఫ్రిజ్ కొత్తగా మొదలవడం ఆ ఫ్రిజ్‌కు మంచిదేనా? గాలి మర 'ఆన్' లోనే ఉంది, పొద్దుటి నుంచి నేను పదిసార్లు చూశాను.

నీలమ్మ అంతవరకు మెట్ల కింద పంపు దగ్గర గిన్నెలు తోముకుంటూ మమ్మల్ని చూస్తూ ఉంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమనుకోకుండ్రి సార్. నూనె డబ్బకు ఒక్కటే బొక్క కొడితే ఏమైతది?"

"ఏమవుతుంది?"

"బుడుక్ బుడుక్ మంటది. జరంత కారి ఆగిపోతది. నిండు డబ్బ అయితే ఇంక జల్ది ఆగుతది. ఆ దిక్కు ఇంకో బొక్క కొడితెనే గద గాలి పోయి నూనె ధార గడుతది. దీనిగ్గూడ ఇంకో బొక్క ఉండాలె. ఉన్నదో, మూసుకపోయిందో."

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఇంత చక్కగా ఒక్క పాఠం చెప్పి ఉంటానో లేదో. పెట్రోల్ కిందికి దిగేకొద్దీ పైన ఆ మేరకు గాలి చేరాలి. చేరకపోతే పెట్రోల్ దిగడం ఆగుతుంది. నిండా పోసినప్పుడు పైన గాలి కొంచెమే ఉంది కాబట్టి ఇంకా తొందరగా ఆగింది. ప్రతిసారీ మూత తీసి మేమే గాలి ఇచ్చి, మెప్పు నిమ్మకాయకూ బండలకూ కట్టబెట్టాం.

ఇంజిన్ ఆపి మూత ఊడదీశాను. ట్యాంకు మీద శుభ్రమైన గుడ్డ కప్పి, మూతను వెలుతురులోకి తెచ్చాను. గాలి మర నడుమ చిన్న గుంట ఉంది, అందులో సూది పట్టేంత రంధ్రం ఉండాలి. గుంట నిండా ఏదో పచ్చగా, పైన ఎర్రగా గడ్డ కట్టి ఉంది. గోటితో గీరాను. రాలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్రోల్ వాసన వెనక చందనం వాసన.

అప్పుడు అర్థమైంది. దసరాకు ఆయుధపూజ నాడు పుణ్యవతి తన మిషన్‌కూ, కత్తెరకూ, జనరేటర్‌కూ బొట్టు పెట్టేది. ఆవిడ పోయాక ఆ పని నేను మానలేదు. రెండు దసరాలకూ గంధం, పసుపు కలిపి దట్టంగా అద్ది, పైన కుంకుమ పెట్టాను. ఆవిడ ఎక్కడ పెట్టేదో నేనెప్పుడూ గమనించలేదు. నాకు మూత మీది గుంట నుదురులా కనిపించింది.

"ఏమైంది అంకుల్?" నవ్య అడిగింది.

"బొట్టు" అన్నాను. "నేనే పెట్టాను. ఊపిరి రంధ్రం మీద."

నాకు సిగ్గేసింది. రెండు గంటలకు పైగా ఒక పసిపిల్ల ఆహారం కరుగుతుంటే, నేను దీపాల రంగులు చదువుతూ కూర్చున్నాను.

వెంకటలక్ష్మి ముందుగా తేరుకుంది. "నేను రాత్రి నాలుగుసార్లు తలుపు తీస్తి, మీరు బొట్టు పెడితిరి. మనిద్దరికీ సరిపోయింది సార్. ఏడ్చేది తర్వాత చూసుకుందాం, పట్టండి" అంటూ గాజులకు గుచ్చుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది.

నా చేతిలోంచి నీలమ్మ పిన్నీసు తీసుకుంది. దేవుడి కుందుల సందుల్లో వత్తి మసి తీసేవాళ్ల చేతికి ఆ పని తెలుసు. మూతను బోర్లించి పట్టుకుని, పొడి లోపలికి పోకుండా, కొంచెం కొంచెంగా పొడిచి రాల్చింది. చివర ఒకసారి గట్టిగా ఊదింది. అటువైపు పెట్టిన నా అరచేతికి సన్నగా గాలి తగిలింది.

పది నలభైకి మళ్లీ మొదలుపెట్టాం. తొమ్మిది నిమిషాలు అయ్యాయి. పది. పన్నెండు. పెద్దన్న గేటు దగ్గర నుంచి ఇటే చూస్తూ తన పని చేసుకుంటున్నట్టు నటించాడు. ఇరవై నిమిషాలకు నవ్య పైకి వెళ్లింది. ఫ్రిజ్ మీద చెవి ఆనించి, మోటారు తిరుగుతోందని కిటికీలోంచి చెప్పింది. తలుపు తీసి చూస్తానని అనలేదు, వెంకటలక్ష్మి కూడా అడగలేదు.

నేను కుర్చీ వేసుకుని దాని పక్కనే, పొగ రాని దిక్కున కూర్చున్నాను. పెద్దన్న బంకుకు పోయి క్యాన్‌లో పెట్రోల్ తెచ్చాడు. పన్నెండున్నరకు ఒకసారి ఆపి, చల్లారనిచ్చి, నింపి మళ్లీ నడిపాం. వెంకటలక్ష్మి నాకు మజ్జిగా, జొన్నరొట్టే పంపింది. నీలమ్మ గిన్నెలు పూర్తి చేసుకుని పోయింది. ఆమెకు ఎలా చెప్పాలో తెలియక "నీలమ్మా, చాలా..." అంటుండగానే, "గేటు మూయాలె సార్, కుక్కలొస్తున్నయ్" అని వెళ్లిపోయింది.

రెండుంపావుకు కరెంటు వచ్చింది. లిఫ్ట్ దగ్గర దీపం వెలిగింది, ఎవరింట్లోనో టీవీ మొదలైంది. నేనూ పెద్దన్నా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జనరేటర్ ఆపే ధైర్యం ఇద్దరికీ లేదు. ఈ కరెంటు నిజమో, పలకరించి పోయేదో ఎవరికి తెలుసు? పైనుంచి నవ్య కూడా ప్లగ్గు తీయలేదు. ఇల్లంతా వెలుగుతుంటే, ఫ్రిజ్ ఒక్కటే మా వైరు మీద ఇంకో అరగంట నడిచింది.

శివశంకర్ ఐసు పెట్టెతో వచ్చాక అందరం వాళ్ల వంటింట్లో నిలబడ్డాం. పాప తలలో స్కానింగ్‌కు ఏమీ కనబడలేదట, బాగుందట. ఆ మాట అతను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మేమంతా ఫ్రిజ్ వంకే చూస్తున్నాం. నవ్య శాలువా విప్పింది. దుప్పట్లు విప్పింది. పై తలుపు తీసింది.

ముందు వరసలో తొమ్మిది సీసాలు అడుగు దాకా నీళ్లలా కదిలాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. వెంకటలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇవి ఇప్పుడే తీసుకెళ్తాను" అన్నాడు శివశంకర్. "రోజుకు ఎనిమిది పడుతున్నాయి కదా. రేపు ఈ టైంకి ఎనిమిది అయిపోతాయి. ఒక్కటే మిగులుతుంది."

నవ్య రెండో వరసలోంచి ఒక సీసా తీసి వెలుతురుకు పట్టి చూసింది. మూడో వరసలోంచి ఇంకోటి తీసింది. రెండింటినీ ఒకదానికొకటి తాకించింది. రాళ్లు తాకినట్టు చప్పుడైంది. మళ్లీ తాకించింది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నాకు సరిగా తెలియలేదు.

"వెయ్, తలుపు వెయ్" అంది వెంకటలక్ష్మి. "సల్లదనం పోతాది."